గరుడపక్షి కాలి దారం

మాస్టారు పోయారన్న సంగతి నాకు ఆయన ఫోటో ద్వారానే తెలిసింది. కిందటి నెల ఒక ఉదయం ఆయన మేనల్లుడు మా కలర్ ల్యాబుకి వచ్చాడు. మావయ్య తెల్లవారుజామున పోయారని, సాయంత్రం భూస్థాపనకి ఫోటో పెద్దది చేసివ్వాలని చెప్పి, పింఛను కాగితాల కోసం తీయించుకున్న చిన్న ఫోటో ఒకటి బల్ల మీద పెట్టాడు. చెంప మీది పుట్టుమచ్చ తీసేసి, ముఖం కాస్త తెల్లగా చేస్తే బాగుంటుంది కదండీ అని కూడా అన్నాడు. అతని తప్పేమీ లేదు, నరసాపురంలో అందరూ నన్ను అడిగేది అదే. నేను మాత్రం ఆ ఫోటోని ఉన్నదున్నట్టు పెద్దది చేసి ఇచ్చేశాను. ఎందుకో అతనికి చెప్పలేదు. మీకు చెప్తాను.

హైస్కూల్లో ఆయన మాకు సైన్సు మాస్టారు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను ఈ ల్యాబుకి తీసుకొచ్చింది ఆయనే. ఈ పిల్ల కళ్ళు మంచివండీ, చూసింది వదిలిపెట్టదు అని మా ఓనరుగారికి చెప్పి పనిలో పెట్టించారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

రిటైరయ్యాక ఆయనకి పక్షుల పిచ్చి పట్టుకుంది. పాత కెమెరా ఒకటి కొనుక్కుని, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల గట్లంట తిరిగేవారు. ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా మా దగ్గరికి వచ్చేవారు. బైబిలు పెట్టుకునే సంచిలోనే ఫిల్ము రోళ్ళు కూడా ఉండేవి. ముందు తిన్నావా అమ్మా అని అడిగి, అప్పుడు సంచి విప్పేవారు. పక్షిని ఎప్పుడూ అది, ఇది అనేవారు కాదు. ఈయన కాలవ లాకుల దగ్గర కాపురమమ్మా, ఈవిడకి కోపమెక్కువ, ఇలా ఉండేది వరస. ఆ కెమెరా ప్రతి ఫిల్ము మీదా గీతలు పెట్టేది. నా కెమెరాకి గోళ్ళున్నాయి, మందు నువ్వే రాయాలి అని నవ్వేవారు. ల్యాబులోకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజులవి. నేను ఆ గీతలన్నీ ఓపిగ్గా చెరిపేదాన్ని. ఒకసారి ఊరుకోలేక ఒక గద్ద వెనక ఆకాశానికి నీలం పులిమాను. ఆయన ఫోటోని దూరంగా పట్టుకుని చూసి, ఆ రోజు మబ్బు పట్టిందమ్మా అన్నారు. మళ్ళీ చేయించారు. పక్షికి మనం అందం పెట్టక్కర్లేదు, మసక తీస్తే చాలు అనేవారు.

ఆరేళ్ళ క్రితం పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో ఒక నెగెటివ్ తెచ్చారు. చెరువు మీదనుంచి పైకి లేస్తున్న గరుడపక్షి. ఇటుకరంగు రెక్కలు, తెల్లటి మెడ. ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి ఆవేళ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రొయ్యల రైతుల సంఘం మీటింగులో చూపించాలమ్మా, కాళ్ళ దగ్గర బాగా చూడు, అక్కడే ఉంది అంతా అని ఇంకేదో చెప్పబోయారు. వెనకాల ఆల్బం కోసం పెళ్ళివారు నిలబడి ఉన్నారు. నాకు వదిలేయండి మాస్టారూ అని పంపించేశాను.

నిజం చెప్పాలంటే ఆ ఫోటో మీద ప్రాణం పెట్టి పనిచేశాను. ఆకాశాన్ని వెనక్కి నెట్టాను. కంటిలో మెరుపు తెప్పించాను. గోళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేలా చేశాను. కెమెరా గీతలు నాలుగు చెరిపాను. ఎడమకాలికి సన్నటి దారం ఒకటి కనిపించింది. అదీ చెరిపేశాను. దాన్ని గీత అనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కెమెరా గీతలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా పోతాయి. ఇది కాలికి రెండు మెలికలు తిరిగి కిందికి వేలాడుతోంది. చూశాను. గరుత్మంతుడి కాలికి ఈ దరిద్రమేంటి, ఇంత మంచి ఫోటో పాడవుతోంది అనుకున్నాను. పెళ్ళికూతురి మొటిమ తీసినంత తేలిగ్గా తీసేశాను.

మీటింగు రోజు ఆయన బస్సు దిగి పరుగున వచ్చారు. కాగితం చుట్టిన ఫ్రేము విప్పబోతే టైమవుతుందని నేనే ఆపాను. నువ్వు చేశావుగా, చూడక్కర్లేదులే అని పట్టుకెళ్ళారు.

ఆ తర్వాతి ఆదివారం వచ్చి జరిగింది చెప్పారు. రొయ్యల్ని పిట్టలు ఎత్తుకుపోకుండా చెరువుల మీద నైలాను దారాలు కడతారు. అవి కనపడక పక్షులు చిక్కుకుంటున్నాయి. దారాలు విప్పమనలేదు ఆయన. పాత చీర పీలికలు కట్టండి, చూసి తప్పుకుంటాయి అని గట్టుగట్టుకీ తిరిగి చెప్పారు. ఎవరూ వినలేదు. కొంగ కాలికి దారం పడితే ఎవరు కదులుతారమ్మా, ఈయన్నయితే రోజూ తలెత్తి దణ్ణం పెట్టుకుంటారు కదా అనుకున్నాను అన్నారు. తీరా అందరి ముందూ కాగితం విప్పితే దారం లేదు. అంతా లేచి నిలబడి దణ్ణం పెట్టుకున్నారట. సంఘం ఆఫీసు గోడకి ఉంచేస్తామని ప్రెసిడెంటుగారు ఫ్రేము తీసేసుకున్నారట.

నా వంక చూసి, "గీత అనుకున్నావా అమ్మా?" అని అడిగారు.

"అవునండి."

"అంతేలే. నా కెమెరా బుద్ధి నాకు తెలీదా."

తప్పించుకునే దారి ఆయనే చూపించారు. నేను దాంట్లోంచి దూరిపోయాను. ఆవేళే దారం ఉన్న ఫోటో వేసి ఇచ్చాను. దాన్ని పట్టుకుని ఆయన మళ్ళీ సంఘానికి వెళ్ళారు. అక్కడ జరిగింది మా ఓనరుగారు నవ్వుతూ చెప్పారు. మొన్న లేని దారం ఇవాళెక్కణ్ణుంచి వచ్చింది మాస్టారూ, కంప్యూటర్లో కట్టించారా అని ఎవరో అంటే అందరూ నవ్వారట. వాళ్ళలో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ల్యాబులో పొరపాటు జరిగిందన్నారట. ఎవరు చేశారంటే చెప్పలేదట. జేబులోంచి నెగెటివ్ తీసి ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుంటే చూడ్డానికి ఒక్కరూ లేవలేదట.

నేను వెళ్ళి ఒక్క మాట చెప్తే సరిపోయేది. కానీ మా ల్యాబుకి వచ్చే పెళ్ళి ఆల్బాలన్నీ ఆ రైతుల ఇళ్ళవే. ఉద్యోగం పోతుందని భయపడి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. మాస్టారు గట్ల మీదికి వెళ్ళడం మానేశారు. తర్వాత ఆయన తెచ్చినవన్నీ చర్చిలో క్రిస్మసు ఫోటోలే. నన్ను చూడగానే తిన్నావా అమ్మా అని అడగడం మాత్రం మానలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

భూస్థాపన అయిన మూడో రోజు సంఘం ఆఫీసుకి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అదే ప్రెసిడెంటుగారు, ఇప్పుడు చేతికర్రతో ఉన్నారు. గోడ మీద నా గరుడపక్షికి బొట్టు పెట్టారు. అద్దం నిండా అగరొత్తుల మసి.

"దారం ఉందండి. నేనే తీసేశాను. మాస్టారు అబద్ధం ఆడలేదండి" అన్నాను.

ఆయన చేతికర్రని కుర్చీకి ఆనించారు. "మాతో నీ పేరే చెప్పలేదమ్మా ఆయన. పోయారు కదా, ఇప్పుడెందుకివన్నీ" అని, అటెండర్ని పిలిచి నాకు టీ తెమ్మన్నారు.

నేను ఊరుకోలేదు. ఇదిగోండి, ఇక్కడ అని ఎడమకాలి దగ్గర రెండు మెలికలు తిప్పి, ఫ్రేము అంచు దాకా వేలితో గీశాను. మసి మీద సన్నటి గీత పడింది. ప్రెసిడెంటుగారు కర్ర ఊతంతో లేచి, కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చి చూశారు. ఏదో అనబోయారు కూడా. ఈలోపు అటెండరు టీ గ్లాసు నా చేతికిచ్చి, అద్దం మీద మరక చూసి, భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచేశాడు. ప్రెసిడెంటుగారు అలవాటు కొద్దీ దణ్ణం పెట్టుకున్నారు.