చిన్నమ్మ అడిగిన నీళ్ళు

చిన్నమ్మ పోయిందన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను మాంచెస్టర్‌లో ట్రామ్ ఎక్కి ఆఫీసుకు పోతున్నాను. గ్లాస్గో ల్యాబ్‌లో ఆమె దగ్గర పనిచేసే అమ్మాయి పంపింది. పొద్దున బస్ స్టాప్‌లో నిలబడి ఉండగానే గుండె ఆగిపోయిందట. ఫోన్‌లో ఆ కబురు కిందనే, ముందురోజు చిన్నమ్మ నాకు పంపిన మెసేజ్ కనిపిస్తోంది: "నీళ్ళు వచ్చాయా?" నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. ఇంకెవరి గురించో అయి ఉంటుందని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అటువైపు ఆమె ఏడుస్తున్నా నాకు నమ్మబుద్ధి కాలేదు.

మీకు ఆమె తెలియదు. చిన్నమ్మ అంటున్నాను గానీ ఆమె మా అమ్మ తోడబుట్టింది కాదు. అమెరికాలో నవాహో అనే ఆదివాసీ జాతి మనిషి, కెమిస్ట్. పరిశోధనకని గ్లాస్గో వచ్చి అక్కడే ఉండిపోయింది. తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఎమ్మెస్సీకి వెళ్ళి ప్రాజెక్టు కోసం ఆమె ల్యాబ్‌లో చేరాను. మేడమ్ అంటే కసిరేది, పేరు పెట్టి పిలవమనేది. అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఒకరోజు ఆంటీ అన్నాను.

"ఏ ఆంటీ? అమ్మ వైపా, నాన్న వైపా?" అని నిలదీసింది.

ఇంగ్లీషులో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. అమ్మ చెల్లెలయితే చిన్నమ్మ అంటామనీ, అంటే చిన్న అమ్మ అనీ చెప్పాను. ఆమె చేతిలోని సీసా పక్కన పెట్టేసింది.

"మా భాషలోనూ అంతే. అమ్మ చెల్లెలు చిన్న అమ్మే," అంది.

ఇక ఆ పిలుపు మారలేదు. ల్యాబ్‌లో స్కాట్లాండ్ వాళ్ళు కూడా ఆమెను 'చినమా' అనడం మొదలుపెట్టారు.

ఆమె పుట్టిన చోట యురేనియం తవ్వుకున్నవాళ్ళు గనులను అలాగే వదిలేసి పోయారు. ఆ పక్క బావి నీళ్ళే గొర్రెలు తాగాయి, ఆమె అమ్మమ్మా తాగింది. "చల్లగా, తియ్యగా ఉండేవి," అనేది. అంతకుమించి అమ్మమ్మ గురించి చెప్పేది కాదు. పోయినవాళ్ళ పేరు పలకడం ఆమె జాతిలో పనికిరాదు. అందుకే నేనూ ఇక్కడ చిన్నమ్మ పేరు రాయడం లేదు.

ఆమె ఉద్యోగం నగర కౌన్సిల్ వాళ్ళ నీటి పరీక్షల ల్యాబ్‌లో. శనివారాలు మాత్రం పైపు నీళ్ళు అందని పల్లెలకు తన పాత కారులో పోయి బావి నీళ్ళు పట్టుకొచ్చేది. సెలవుల్లో సొంతూరికి పోయినా అదే పని. సీసా మీద ఊరి పేరుకన్నా ముందు ఆ నీళ్ళు తాగేదెవరో మా చేత రాయించేది. ఒకసారి ఒక రైతు తన బావి నీళ్ళు గ్లాసులో పోసి, ఎంత తేటగా ఉన్నాయో చూడమని వెలుతురుకు పట్టాడు.

"చూడ్డానికి నేనూ నెమ్మదస్తురాలినే. లోపలేముందో ఈ పిల్లను అడుగు," అని నన్ను చూపించింది చిన్నమ్మ.

మాది నల్లగొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్ళంటే ఏమిటో మా అమ్మ మోకాళ్ళకు తెలుసు. అయినా పోయిన ఏడాది పెరట్లో కొత్త బోరు వేయించి, సర్కారు శుద్ధి చేసి పంపే నల్లా నీళ్ళు వదిలేసి అవే తాగుతోంది. వద్దని ఎంత మొత్తుకున్నా వినదు.

"సక్కెర లెక్క ఉన్నయ్ బిడ్డా. నీ సదువు నీ కాడనే ఉంచుకో," అంటుంది.

ఈ గొడవ చెబితే చిన్నమ్మ వీడియో కాల్‌లో కూర్చుంది. 'అక్కా' అన్న మాట నా దగ్గర నేర్చుకుని, మిగతాది నా చేత చెప్పించింది: "అక్కా, నీళ్ళు పంపు. నేను చూసేదాకా తాగొద్దు." అమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. "మంచిగున్నవా చెల్లె?" అంది. నీళ్ళ మాట మాత్రం దాటేసింది.

మొన్న ఇంటికి వెళ్ళొస్తూ ఆ నీళ్ళు తెచ్చాను. ఈ శనివారం గ్లాస్గో పట్టుకెళ్ళాలి. కబురు వచ్చినప్పుడు సీసా నా సంచిలోనే ఉంది. దాని మీద 'తాగేది: అమ్మ' అని రాసి ఉంది. ఈ సీసాను ఇప్పుడు ఎవరి చేతిలో పెట్టాలో తెలియక ఆఫీసుకు పోకుండా ఇంటికి తిరిగొచ్చాను. అమ్మకు ఫోన్ చేశాను.

"చిన్నమ్మ పోయిందమ్మా."

"గిదేంది బిడ్డా. మొన్ననే గదా నన్ను అక్కా అన్నది," అంది అమ్మ. మళ్ళీ తనే, "నీళ్ళు సూసిందా?" అనడిగింది.

"చూడలే."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత బిందె ఈడ్చిన చప్పుడు, వాకిట్లో నీళ్ళు గుమ్మరించిన చప్పుడు.

"ఏం చేస్తున్నవమ్మా?"

"చెల్లె పాయె గదా. మైల పట్టిన ఇంట్ల నీళ్ళు ఉంచుతరా?" అంది అమ్మ దూరం నుంచి.

మా ఇళ్ళల్లో సొంతవాళ్ళు పోతేనే నిల్వ నీళ్ళు పారబోస్తారు. అమ్మ ఆమెను ఒక్కసారి, అదీ ఫోన్‌లో చూసింది.

"మల్ల బోరు నీళ్ళే పడతవా?" అన్నాను భయంభయంగా.

"ఆమె సూడని నీళ్ళు నాకెందుకు?"

అమ్మ ఫోన్ మరిచిపోయినట్టుంది. ఖాళీ బిందెలో నల్లా నీళ్ళు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.