కొలిమి భాష నాకొచ్చు

పెళ్లికి ముందు పరువు పోగొట్టుకోవడానికి మామూలుగా ఒక చాప, నలుగురు చుట్టాలు చాలు. నేను మాత్రం ఆ పనికి ఒక ఉక్కు ఫౌండ్రీని, ఒక మైకుసెట్టును, ఒక మంత్రిగారిని వాడుకున్నాను. నవ్వకుండా వినండి. సరే, నవ్వుతూనే వినండి.

అరవైల్లో మాట. నెల్లూరికీ సముద్రానికీ మధ్య, పడవల లంగర్లు పోతపోసే ఆ ఫౌండ్రీలో నేను కొత్త ఇంజనీరును. కరెంటు కొలిమి కూడా కొత్తదే. పాత ఇనుము నింపి, లావుపాటి బొగ్గు కడ్డీలు దించి కరెంటు ఇస్తే, వెయ్యి మూకుళ్లలో ఒకేసారి తాలింపు వేసినట్టు పేలేది. ఇనుము కరిగేకొద్దీ గోల తగ్గి, పాలు తాగిన పిల్లిలా గుర్రుమనేది. అప్పుడు కొలిమిని చెంబులా వంచి ఉక్కు పోసుకోవడమే. ఈ రెండు ముక్కలు తెలియగానే నేను విద్వాంసుణ్నైపోయాను. "లోపలికి చూడక్కర్లేదు, వింటే చాలు" అని కనబడినవాడికల్లా చెప్పాను.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారొచ్చారు. నాకు పిల్లనిద్దామనుకుంటున్న వాకాడు రైతు రాఘవయ్యగారు కూడా నన్ను చూసిపోదామని వచ్చారు. కొలిమి హోరులో నా చెవి దగ్గర అరిచారు:

"ఏంది నాయనా ఈ గోల? లోపల ఏం జరగతా ఉండాదో నీకెట్టా తెలస్తది?"

"దాని భాష నాకొచ్చండీ!"

"ఏమొచ్చింది?"

"భాష!"

"బస్సా? యాడ?"

ఇంతలో మంత్రిగారు "సోదర సోదరీమణులారా" అన్నారు. కొలిమి మింగేసింది. మళ్లీ అన్నారు. మళ్లీ మింగింది. ఆయన మా మేనేజరు వైపు గుర్రుగా చూశారు. మేనేజరు ఎక్కడికో పరుగెత్తాడు. కాసేపటికి హోరు టక్కున ఆగింది.

నా ఒళ్లు పులకరించింది. పిల్లి గుర్రు కూడా లేదంటే ఎంత బాగా కరిగి ఉండాలి! మంత్రిగారి చేతిలోంచి మైకు లాక్కుని, "ఉక్కు సిద్ధం! వంచండి!" అని కేకపెట్టాను.

కొలిమి వినయంగా వంగింది. నాలుగు ఎర్రటి బొట్లు కారాయి. వెనకే సగం కరిగిన సైకిలు పెడలొకటి వచ్చి మూతికి అడ్డం పడింది.

మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "ఎవడయ్యా వంచమన్నది?"

"కరిగిపోయింది సార్, చప్పుడు ఆగింది గదా..."

"అయ్యగారి ఉపన్యాసం వినపడలేదని నేనే కొలిమికి కరెంటు తీయించినానయ్యా!"

మంత్రిగారు మాత్రం నిబ్బరంగా మైకు అందుకున్నారు. "ఇంత నిశ్శబ్దంగా పనిచేసే కర్మాగారం దేశంలోనే లేదు!" జనం చప్పట్లు కొట్టారు. పెడలు అలాగే వేలాడుతోంది.

సంబంధం తప్పిపోయిందనుకుని తలొంచుకున్నాను. రాఘవయ్యగారు నా భుజం తట్టారు.

"నీ చెవులు సరిగా పనిచెయ్యవని తెలిసిపోయింది నాయనా."

"క్షమించండి..."

"క్షమించేదేముంది? మా పిల్ల గొంతు పెద్దది. తట్టుకునేవాడు యాడ దొరకతాడా అని ఎతకతా ఉండాం. ముహూర్తం పెట్టించేస్తా."

పెట్టించారు కూడా. కాబట్టి పాఠకులారా, బంగాళాఖాతం సాక్షిగా, మా ఆవిడ వినేటట్టుగా ప్రమాణం చేస్తున్నాను: ఇంట్లో గోల ఉన్నట్టుండి ఆగిపోతే, కోపం కరిగిపోయిందని ఈ జన్మలో ప్రకటించను.