ఉరిమితే ప్లగ్గు పీకే ఇంట్లో అమ్మ కంప్యూటర్

ఉరిమిందంటే చాలు, మా నాన్న ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తారు. పెదపాడు దగ్గర చేపల చెరువులు చేసిన మనిషి. పిడుగుపాటుకి ఒకసారి చెరువు మీది మోటార్లు కాలిపోయాయి, అప్పట్నుంచీ అదే అలవాటు. అమ్మ కంప్యూటర్‌నీ వదలరు. యూపీఎస్ కొనిచ్చానండీ, దాన్నీ పీకేశారు!

ఆ కంప్యూటర్‌లో వీడియో కాల్ పెట్టి అమ్మ వారం వారం ఆడవాళ్ళకి జాకెట్ల మీద కుట్టే మగ్గం పని నేర్పుతుంది. అందులోని పాత సిస్టమేమో దానికి బుద్ధి పుట్టినప్పుడల్లా అప్‌డేట్లు మొదలెట్టేది. సరిగ్గా అప్పుడే ఉరుము, వెనకే నాన్న. మళ్ళీ ఆన్ చేస్తే నల్ల తెర. అలా మరోసారి క్లాసు ఆగిపోయిన రోజున నేనక్కడే ఉన్నాను. అమ్మ సూది పక్కన పెట్టేసి, "ఇంక నా వల్ల కాదమ్మా, మానేస్తున్నానని చెప్పేస్తాను" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ మీద కాదు, ఆ పెట్టె మీద.

ఆ పాత సిస్టమ్ తీసేసి లినక్స్ వేస్తానంటే తాడేపల్లిగూడెంలో ఉండే మా అన్నయ్య పగలబడి నవ్వాడు. "పిచ్చా నీకు? అమ్మకి అదెలా వస్తుందే? కొత్త కంప్యూటర్ కొనేద్దాం" అన్నాడు. కొత్తదైతే నాన్న పీకరా ఏంటి! ఏలూరులో మా ఇంట్లోనే పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకుని, వెళ్ళి నేనే వేశాను. ఇది మనం చెప్పందే అప్‌డేట్ల జోలికి పోదు, ఆపమంటే వెంటనే ఆగుతుంది. తెర మీద మూడే బొమ్మలు ఉంచాను: క్లాసు, ఫొటోలు, ఆపు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇంతేనా!" అంది.

తర్వాతి క్లాసుకి నేనూ పక్కనే కూర్చున్నాను. సగంలో కొల్లేరు వైపు నుంచి ఉరిమింది. నాన్న లేచారు.

"ఏవండీ, ఒక్క నిమిషం ఆగండి" అని ఆయనతో చెప్పి, అమ్మ తెర వైపు తిరిగింది. "మావారు ప్లగ్గు తీసేస్తారండీ. వాన తగ్గాక వస్తాను, ఈలోగా ఆ ఆకు కుట్టడం పూర్తి చేయండి" అంటూ తనే ఆపేసింది. నాన్న తాపీగా ప్లగ్గు తీశారు. వాన వెలిశాక అమ్మే ఆన్ చేసింది. అందరూ ఆకులు కుట్టుకుని కూర్చున్నారు! నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మొన్న అన్నయ్య కంప్యూటర్ మొరాయించింది. నాకు కాదు, అమ్మకి ఫోన్ చేశాడు మహానుభావుడు.

"ఇప్పుడు కాదురా, క్లాసులో ఉన్నాను" అని అమ్మ పెట్టేసింది.