మంచిరోజున పచ్చపప్పు

తన్నాజ్‌కి ఏడేళ్లు నిండాయి. సాయంత్రం పిల్లకి నవజోత్. తెల్లని సద్రా చొక్కా తొడిగి, నడుముకి కుస్తీ దారం కట్టి పార్సీ మతంలోకి తీసుకునే రోజు. పొద్దున్నుంచి చిల్లుల డబ్బాతో గుమ్మంలో ముగ్గు పోస్తున్న నాయనమ్మ పేరిన్ ముక్కుకి పదకొండింటప్పుడు ఆ వాసన తగిలింది. పప్పులు, గుమ్మడికాయ, వంకాయ, మెంతికూర, మేకమాంసం కలిసి ఉడికే ధన్‌సాక్ వాసన. డబ్బా అక్కడే పడేసి పెరట్లోకి పరుగెత్తింది.

నవసారిలో ఆ వీధికి ధన్‌సాక్ అంటే పేరినే. కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు నేర్పింది. ఇంట్లో మనిషి పోతే మూడు రోజులు మాంసం ముట్టరు. నాలుగో రోజు ఆ నిష్ఠ విడిచేది ధన్‌సాక్‌తోనే. నలభై ఏళ్లలో ఎన్ని గడపల్లో ఆ గరిటె తిప్పిందో! తన ఇంట్లోనూ తిప్పింది. చిన్నకొడుకు కేర్సీ టైఫాయిడ్‌తో పోయినప్పుడు వాడికీ ఏడేళ్లే. ఆదివారాలు ఊరంతా అదే తిని మధ్యాహ్నం గుర్రు పెడుతుంది, అది వేరు. మంచిరోజున మాత్రం అది పొయ్యి ఎక్కకూడదు.

“ఎవరు పెట్టమన్నార్రా దీన్ని?”

ముంబయి నుంచి వచ్చిన వంటల కాంట్రాక్టరు జూబిన్ నవ్వాడు. “మీ కోడలే ఆంటీ. దీనికున్న గిరాకీ దేనికీ లేదు. ఇరాన్ రాజుల పెళ్లి విందుల్లో వడ్డించేవాళ్లట. మా మెనూ కార్డు మీద కూడా వేయించాను.”

“ఇరాన్ రాజా! ఆయనకి గుజరాత్ గుమ్మడికాయ నువ్వు మోసుకెళ్లి ఇచ్చావా? మా అత్తలాంటి ఆడవాళ్లు ఈ పెరళ్లలో కాసింది కోసి ఉడికించిన కూడు ఇది. చచ్చి...”

నాలుక కరుచుకుంది. రోజుకి వందసార్లు నోరు జారే ‘చచ్చినాడా’ ఇవాళ అనకూడదు. తిట్టు మింగేసరికి కోపం రెట్టింపైంది.

కోడలు దెల్నాజ్ తడి జుట్టుతోనే వచ్చింది. “మమ్మీ, మా పుట్టింట్లో ప్రతి ఆదివారం ఇదే. అందరికీ ఇష్టమని నేనే చెప్పాను. రెండొందల మంది వస్తున్నారు, ఇప్పుడెలా మారుస్తాం?”

“కుస్తీ కట్టుకుని వచ్చిన పిల్లకి నాలుగోరోజు కూడు పెడతావా?”

“ఇవాళ ఏ రోజో పప్పుకేం తెలుసు మమ్మీ?”

“పప్పుకి తెలీదు. నాకు తెలుసు. కేర్సీకి వండింది నేను.”

దెల్నాజ్ తడి జుట్టు ముడేసి, గిన్నె దింపమని జూబిన్‌కి చెయ్యి ఊపింది. పేరిన్ చీర కుచ్చిళ్లు ఎగదోపింది.

“జూబిన్, కందిపప్పు కడుగు. ఆకుల్లో చుట్టి ఉడికించడానికి తెచ్చిన చేపలు ఇటివ్వు, పులుసు పెడతాను. తెల్లన్నం, పచ్చపప్పు, చేపల పులుసు. మంచిరోజుకి తినేది అదీ.”

“పథ్యం కూడులా ఉంటుంది ఆంటీ. నా పేరు పోతుంది.”

“నీ పేరు పోతే మళ్లీ వస్తుంది.”

“మరి ఇంత ధన్‌సాక్?”

“చల్లార్చి ఐసులో పెట్టు. రేపు ఉత్త ఆదివారమే. అందరూ మెక్కి పడుకోండి.”

వెల్లుల్లిని కసిగా దంచింది. చింతపండుని పగబట్టినట్టు పిసికింది. పసుపు మరిగే పప్పులో పడేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

సాయంత్రం అరిటాకు ముందు కూర్చున్న తన్నాజ్ పప్పన్నం ముద్ద మింగి తలెత్తి నాయనమ్మని చూసింది. “బపయ్‌జీ, ఇంకా కోపంగానే ఉన్నావా?”

“ఉన్నాను.” పేరిన్ ఇంకో గరిటె వడ్డించింది. “తిను.”