సున్నపు కుండ, పేలిన నక్షత్రం

నందిగామలో మా ప్రహరీగోడకు ఈ క్రిస్మస్‌కి కూడా సున్నమే కొట్టిస్తున్నాను. ఇన్ని రంగుల డబ్బాలు దొరుకుతుంటే ఈ చాదస్తమేమిటని మావారి విసుగు. కుండలో సున్నపు గడ్డలు వేసి నీళ్ళు పోయగానే సుయ్యిమని పొంగి, ఆ ఘాటు ముక్కుకు తగిలిందంటే చాలు, మార్తమ్మ టీచరు నా ఎదురుగా వచ్చి నిలబడతారు.

జగ్గయ్యపేటలో తొమ్మిదో తరగతిలో మాకు సైన్సు చెప్పేవారావిడ. పొట్టి మనిషి, గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. ఏది అడిగినా, "తెలీదే. చూద్దాం" అనేవారు. తెలిసినా అదే మాట. మాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పాత పత్రికలోంచి కత్తిరించిన బొమ్మను గోడకు అంటించి, ఇదేమిటో చెప్పమన్నారు. నల్లటి ఆకాశంలో ఎర్రగా, నీలంగా చెదిరిన పొగ. మా ఊరి పక్క సున్నపురాయి క్వారీలో రాయి పేల్చినప్పుడల్లా కిటికీ రెక్కలు అదిరేవి, వెనకాలే దుమ్ము మబ్బులా లేచేది. అందుకే క్లాసంతా ఒక్క గొంతుతో అరిచాం.

"క్వారీలో బ్లాస్టింగ్ టీచర్!"

ఆవిడ చప్పట్లు కొట్టారు. "సగం కరెక్టేనర్రా! పేలింది రాయి కాదు, నక్షత్రం. ఆ పేలుడు వెయ్యేళ్ళ కిందట పట్టపగలే కనిపించిందంట. మన క్వారీ దుమ్ము సాయంత్రానికి అణిగిపోద్ది. ఇది ఇంకా వెలుగుతానే ఉంది. ఎందుకో?"

"మీరే చెప్పండి టీచర్."

"తెలీదే. చూద్దాం."

ఆ ఏడు దసరా సెలవుల్లో మా నాన్న గుండెపోటుతో పోయారు. ఆ క్వారీలోనే లారీలకు రాయి ఎత్తేవారాయన. చావు జరిగిన ఇంట్లో ఆ క్రిస్మస్‌కి సున్నాలు వేయరు, గుమ్మానికి స్టార్ కట్టరు. నాన్న వాడే సున్నం కుంచెను అటక మీద పడేసి, అమ్మ ఆయన పేరెత్తడమే మానేసింది. ఎవరూ తలుచుకోకపోతే నాన్న బొత్తిగా మిగలరేమోనని నాకు భయం పట్టుకుంది. అది అడగలేక టీచరును ఇంకొకటి అడిగాను.

"నక్షత్రం పోయాక ఆ వెలుగు ఎవరిది టీచర్?"

ఆవిడ నా ముఖంలోకి పరీక్షగా చూశారు. శనివారం సంచిలో సున్నపు గడ్డలతో మా ఇంటికి వచ్చారు. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఈ ఏడు మాకు సున్నాల్లేవండి టీచరుగారూ."

"తెలుసమ్మా. కొట్టడానికి కాదు. పిల్లకి పాఠం బాకీ ఉంది. కుండొకటి ఇయ్యి."

గడ్డలు వేసి నీళ్ళు పోశారు. కుండ కుతకుతలాడింది. "కుండకి బయట్నుంచి చెయ్యి ఆనించి చూడమ్మా. పొయ్యి లేదు, నిప్పు లేదు. ఈ వేడెక్కడిదంటావ్?"

"బట్టీలో కాల్చారు కదండీ. ఆ వేడే లోపల దాక్కునుంటది" అంది అమ్మ.

"బట్టీ ఆరి నెలైందమ్మా!"

టీచరు నావైపు తిరిగారు. "మీ అమ్మ చెప్పేసిందే. ఆ వెలుగూ నక్షత్రానిదే. పేలిన విసురుకి నక్షత్రంలో సరుకంతా కాగిపోయి, వేల ఏళ్ళు వెలుగుతానే ఉంటది. ఆ సరుకులో కాల్షియం కూడా ఉంది. అట్టాంటి పేలుళ్ళలో పుట్టిన కాల్షియమే ఈ సున్నంలో ఉంది, మీ నాన్న ఎత్తిన రాయిలో ఉంది, నీ పళ్ళలోనూ ఉంది."

నేను నాలుకతో పళ్ళు తడుముకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళి, కుంచె దులుపుకుంటూ వచ్చింది.

"మా ఆయన ఎప్పుడూ ముందు వాకిలి గోడే కొట్టేవారండి. అదీ వంకరటింకరగా."

నాన్న పోయాక అమ్మ నోట ఆయన మాట వినడం అదే మొదలు. మర్నాడు చర్చి నుంచి వచ్చాక, చల్లారిన సున్నంతో ఆ ఒక్క గోడా కొట్టాం. స్టార్ మాత్రం కట్టలేదు. టీచరూ కట్టమనలేదు.

మార్తమ్మ టీచరు మొన్న వేసవిలో పోయారు. ఇవాళ మా అమ్మ కుండ పక్కనే పీట వేసుకుని, కుండకి అరచెయ్యి ఆనించి కూర్చుంది. నా కూతురు వచ్చి, "అమ్మమ్మా, నిప్పు లేకుండా ఇదెందుకు వేడిగా ఉంది?" అని అడిగింది. నేను నోరు తెరవబోయాను. అమ్మ కళ్ళతోనే వారించింది.

"తెలీదే" అంది. "చెయ్యి ఆనించు. చూద్దాం."