టీవీలో మరదలి పాట

మా పాత స్మార్ట్ టీవీని విప్పి, లోపలి తీగలన్నీ సరిచేసి నడిపించింది నేనే. ఆ ఆదివారం చర్చిలో మా మరదలు మొదటిసారి సోలో పాడుతోంది. మోకాలి ఆపరేషన్ వల్ల వెళ్లలేని మా ఆవిడ లైవ్ కోసం టీవీ ముందు కూర్చుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నాకు కాలు నిలవలేదు. రిమోట్ నొక్కాను, టీవీ ఆపాను, మళ్లీ వేశాను. నిజం చెప్పాలంటే విప్పలేదు, స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకున్నాను, అంతే.

ఆవిడ చేతికర్రతో పడగ్గదిలోకి వెళ్లొచ్చింది. పాట వినబడింది.

"చూశావా, నా చెయ్యి పడితే!" అన్నాను.

"ఏం చెయ్యి? మొన్న ప్రార్థన కూడికకు వచ్చేటోళ్లకు కనబడొద్దని వైఫై డబ్బాను ఇనప బీరువ ఎనక దాసింది మీరే. నేను బయటికి తీసిన. సగం పాట అప్పటికే పాయె," అంది.