బూట్లలో కుక్కిన గుడ్డ

మా మనవరాలి పరుగు బూట్లు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. జగ్గయ్యపేటలో నాది రెండు గదుల ఇల్లు, వెనక చిన్న వసారా. ఆ వసారాలో తలుపు పక్కన పెట్టాను. ఊడ్చేటప్పుడు ఎత్తి, ఊడ్చి, మళ్ళీ అక్కడే పెడతాను. ఏ వస్తువూ పారేసే మనిషిని కాను నేను. కానీ ఇవి ఇంకొకరికి ఇవ్వడానికీ మనసు రాలేదు.

మా అమ్మాయి కాపురం నందిగామలో. దాని కూతురు ఏడో తరగతిలో ఉండగా బడి పోటీల్లో అందరికన్నా ముందు పరిగెత్తింది. మా ఊళ్ళో ఒక బడిలో వ్యాయామం చెప్పే మేడం ఆడపిల్లలకు పరుగు బాగా నేర్పుతుందని ఎవరో చెబితే, పిల్లను తెచ్చి నా దగ్గర ఉంచారు. మా ఆయన పోయాక అప్పటిదాకా ఎనిమిదేళ్ళు నేనొక్కదాన్నే. గిద్దెడు బియ్యం కడగడం చేతికి అలవాటైపోయింది. పిల్ల వచ్చిన రోజు రెండో కంచం కోసం అటక వెతకాల్సి వచ్చింది.

ముద్దు చేసే అమ్మమ్మను కాను. నాలుగో తరగతిలో బడి మానిపించి నన్ను మిరప చేలోకి పంపారు. కాల్లో ముల్లు విరిగితే పిన్నీసుతో తీసుకుని మళ్ళీ సాలు పట్టుకున్నదాన్ని. ఏడిస్తే ఎత్తుకునే తీరిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. నా పిల్లల్నీ అట్లాగే పెంచాను, మనవరాలినీ అట్లాగే పెంచబోయాను. అది నోరెత్తేది కాదు. ఏమడిగినా "బాగానే ఉందమ్మమ్మా" అనేది. బుద్ధిమంతురాలు అనుకున్నాను.

మొదటి ఏడాది ఉత్త కాళ్ళతోనే పరిగెత్తింది. తర్వాత మేడం బూట్లు కావాలని కబురు పెట్టింది. కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టతను పాదం కొలిచి ఒక జత తీశాడు. అచ్చంగా సరిపోయాయి. అదే నాకు నచ్చలేదు.

"ఇవాళ సరిపోతే ఆర్నెల్లకి కరుస్తాయి. రెండు నంబర్లు పెద్దవి తియ్యి నాయనా."

"పరుగు బూట్లు మామ్మగారూ. లోపల పాదం ఆడుతుంది."

"ముందు గుడ్డ కుక్కితే ఎట్టా ఆడుద్ది? మా ఇంట్లో పిల్లలందరూ అట్టాగే తొడుక్కున్నారు."

అది అబద్ధం కాదు. మా అమ్మాయికి కుట్టించిన ప్రతి లంగాకూ అడుగున మూడు మడతలు వేయించేదాన్ని. ఏడాదికొక మడత విప్పితే నాలుగో ఏటికి కూడా వచ్చేది. పెరిగే పిల్లకు ఒంటికి సరిపడా కొనడమంటే మా ఇళ్ళల్లో తెలివితక్కువ పని కిందే లెక్క.

"ఎట్టా ఉన్నాయే?" అని పిల్లను అడిగాను. అది కొట్టతని వైపూ నా వైపూ చూసి, "బాగానే ఉన్నాయమ్మమ్మా" అంది. ఇంటికొచ్చి నా పాత చీర చెంగు చింపి రెండు ఉండలు చేసి ముందు కుక్కాను.

తొమ్మిదో తరగతిలో అది ఎనిమిది వందల మీటర్ల పరుగుకు తయారవుతోంది. జనవరిలో జిల్లా ఎంపికలు. పొద్దున్నే లేచి పరగడుపున వెళ్ళేది. తిని పరిగెత్తితే కడుపులో పోటు వస్తుందని నేనే ఏమీ పెట్టేదాన్ని కాదు. ఒకరోజు గ్రౌండు గోడ పక్కన నిలబడి చూశాను. మేడం పిల్లల్ని అరగంట సేపు నడిపిస్తోంది, కాళ్ళు ఊపిస్తోంది, మోకాళ్ళు ఎత్తిస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాక, "ఆ ఊపుళ్ళేంటే? ఆ అరగంటలో ఇంకో రెండు చుట్లు కొట్టరాదూ?" అన్నాను.

అది నా మాట తీసేయలేదు. మేడం వెళ్ళిపోయాక సాయంత్రం మళ్ళీ ఒంటరిగా గ్రౌండుకు వెళ్ళి పరిగెత్తేది. కష్టపడుతోందని నాకు లోపల పొంగు. పైకి మాత్రం ఒక్కసారీ మెచ్చుకోలేదు.

ఆ రోజుల్లోనే నొప్పి మందు డబ్బా సంగతి జరిగింది. నా మోకాళ్ళకు రాసుకునే డబ్బా అది. కందిగింజంత తీసి రెండు కాళ్ళకూ సరిపెడతాను. ఒకనాడు మూత తీస్తే అడుగు కనబడుతోంది.

"గోడలకు పూస్తున్నారా ఏంటే దీన్ని?"

"నేనే అమ్మమ్మా... కొంచెం రాసుకున్నా."

"నీ వయసుకు నొప్పులేంటే? నీ ఈడులో నేను పొద్దుగూకులూ వంగి మిరపకాయలు కోసి, ఇంటికొచ్చి నీళ్ళు మోసేదాన్ని. డబ్బా నీకు చాక్లెట్టులాగా కనబడుతుందా?"

మర్నాటి నుంచి డబ్బాలో మందు తరగలేదు. చెబితే వింటుంది అని నేను తృప్తి పడ్డాను.

అడగాల్సిన మాట అప్పుడు ఒక్కటే: ఎక్కడ నొప్పి? అది నా నోటికి రాలేదు.

తర్వాత చూసినవన్నీ ఇప్పుడు వరసగా గుర్తొస్తాయి. డాబా మెట్లు పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి దిగేది. కంచం ముందు ఒక కాలు చాపుకుని కూర్చునేది. అన్నం ముందు ఆ కూర్చోవడమేంటని కసిరితే కాలు మడుచుకునేది. మడుచుకున్నప్పుడు దాని మొహం ఎట్లా ఉందో నేను చూడలేదు. నేను కాలినే చూశాను.

ఎంపికలు పది రోజులున్నాయనగా, మేడం దాన్ని స్కూటీ మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చింది. పరుగు మధ్యలో కూలబడిందట. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి మేడం బూటు విప్పింది. గుడ్డ ఉండ కింద పడింది. ఏడాది పాటు పాదంతో నలిగి చెక్కలాగా గట్టిపడింది. వేళ్ళు ఒత్తుకున్న అయిదు గుంటలు దాని మీద అచ్చు పడి ఉన్నాయి.

"ఇదేంటండీ మామ్మగారూ?" అంది మేడం.

నన్ను అడిగిన మాటకు పిల్ల చెప్పింది: "నేనే పెట్టుకున్నా మేడం. వదులుగా ఉంటేనూ."

నన్ను కాపాడాలని ఆ పద్నాలుగేళ్ళ పిల్ల మేడంకు చెప్పిన అబద్ధం అది.

అప్పటికే నేను పెనం మీద ఉప్పు మూట వేడి చేస్తున్నాను. కాపడం పెట్టి, ఆముదం రాసి గట్టిగా రుద్దుదామని. మేడం చూసి, "వద్దండీ. రుద్దడం అసలు వద్దు. ఏమైందో డాక్టరు చెప్పేదాకా కాలు కింద ఆనించనివ్వకండి" అంది. పొయ్యి కట్టేశాను. ఆ మూట విప్పి ఉప్పు మళ్ళీ జాడీలో పోశాను.

మర్నాడు పిల్లను ఆటోలో నందిగామ తీసుకెళ్ళాను. అమ్మాయి నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికే వచ్చింది. డాక్టరు పిల్ల ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాడు. ఒకచోట పిల్ల బల్ల అంచు పట్టుకుంది. పెదవి కొరుక్కుంది. చప్పుడు లేదు.

"నొప్పి పుడితే అరవమ్మా. నువ్వు అరవకపోతే నాకెట్టా తెలుస్తుంది?"

అది నా వైపు చూసింది. వాళ్ళమ్మ పక్కనే ఉంది, అయినా నా వైపే చూసింది. అరవొచ్చా అని అడిగినట్టుగా.

"అరవ్వే" అన్నాను. అప్పుడు ఏడ్చింది. నా ఇంటికి వచ్చాక అది ఏడవగా వినడం అదే మొదటిసారి.

డాక్టరు చాలా అడిగాడు. నొప్పి ఎప్పుడు మొదలైంది? దసరా ముందు. పరుగుకు ముందు ఏం తింటావు? ఏమీ లేదు. నెలసరి సరిగ్గా వస్తోందా? పిల్ల తల వంచుకుని, "నాలుగు నెలలైంది రాక" అంది. అమ్మాయి నన్ను చూసింది. ఒక్క ఇంట్లో ఉంటూ నాకు తెలియదు. చెప్పకుండా తన పాటికి తను కానిచ్చుకుంటోందిలే అనుకున్నాను.

ఎముకలో వెంట్రుకంత చీలిక ఉందని స్కానింగులో తేలింది. పరుగు ఒక్కసారిగా పెంచి, చాలినంత తిండి లేకపోతే పెరిగే ఎముక తట్టుకోలేదని డాక్టరు చెప్పాడు. నొప్పి పుట్టిన కొత్తలోనే ఆపి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నాడు. రెండు నెలలు పరుగు లేదు. ఎంపికలు ఈ ఏటికి లేవు. ఇప్పుడు పరిగెత్తితే చీలిక పెరిగి ఎముక విరుగుతుంది, ఆపైన పరుగు సంగతి తను చెప్పలేనన్నాడు.

బయటికొచ్చాక అమ్మాయి మెల్లగా అంది. "నన్నూ ఇట్టాగే పెంచావమ్మా. చెట్టు మీంచి పడి చెయ్యి బెణికితే మూడు రోజులు నీకు చెప్పలేదు నేను. గుర్తుందా?"

"గుర్తు లేదే" అన్నాను. నిజంగానే లేదు. ఆ మూడు రోజులూ దాని చేత ఏ పని చేయించానో అని ఇప్పటికీ వెతుక్కుంటాను.

పిల్లను వాళ్ళమ్మ ఉంచేసుకుంది. బడి కూడా అక్కడికే మార్చారు. నేను బూట్లు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. చేతికి అలవాటు కొద్దీ ఆ రోజు ఇద్దరికి బియ్యం కడిగాను. మిగిలింది మర్నాడు చద్దన్నం తిన్నాను, ఆ మర్నాడూ తిన్నాను.

మా నాన్న కోడెలను సేద్యానికి మరిపి అలవాటు చేసేటప్పుడు మొదట వట్టి కాడి వేసి చేను చుట్టూ నడిపించేవాడు. తర్వాత చిన్న దుంగ కట్టి లాగించేవాడు. తర్వాత ఉత్త బండి. నెల దాటితే గాని నాగలికి కట్టేవాడు కాదు. మెడ మీద వాపు కనబడితే ఆ పూట కాడి దింపి, తవుడు పెట్టి వదిలేసేవాడు. నేను పక్కనే ఉండి చూసినదాన్ని. మేడం పిల్లల చేత చేయించింది అదే పని. గోడ పక్కన నిలబడి చూస్తే నాకది సోమరితనంలా కనబడింది.

నెలాఖరుకు నందిగామ వెళ్ళి, కాగితం మీద పిల్లను నిలబెట్టి పెన్సిలుతో రెండు పాదాలూ గీశాను.

"ఏంటమ్మమ్మా, ముగ్గేస్తున్నావా?"

"కదలకు."

"మళ్ళీ పెద్దవి తెస్తావా?"

"నీ కాలికి సరిపడా తెస్తాను."

"ఏడాదికల్లా కరుస్తాయి మరి."

"కరిస్తే చెప్పు" అన్నాను. అది నవ్వలేదు. కాగితం మీద కదలకుండా నిలబడింది.

ఇప్పుడు డాక్టరు ఒప్పుకున్నాక అక్కడి గ్రౌండులోనే, కొత్త బడి వ్యాయామం సార్ దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. ఏ వారం ఎంత నడవాలో, ఎంత పరిగెత్తాలో మేడం రాసి ఫోనులో పంపుతుంది. పొద్దున అరటిపండో ఇడ్లీయో తిని వెళుతుందట. నెలసరి కూడా మొదలైందని అమ్మాయి చెప్పింది. నాకు ఇక్కడ సాయంత్రం అయిదింటికి పని ఉండదు. మిరపకాయల తొడిమలు తీస్తూ ఫోను పక్కన పెట్టుకుంటాను. అది చేస్తుంది. "కాలెట్టా ఉందే?" అంటాను. "బాగానే ఉందమ్మమ్మా" అంటుంది. నిజమో కాదో తేల్చుకునే దారి నాకు లేదు. ఆ దారి మూసింది నేనే.

మొన్న కూడా అడిగాను.

"ఇవాళ బాగోలేదమ్మమ్మా. మూడో చుట్టులో ముంగాలి దగ్గర లాగినట్టయింది. ఆపేశా. సార్ ఇంకొక్కటి కొట్టమన్నారు, కొట్టనని చెప్పా."

"మీ అమ్మకు చెప్పావా?"

"ఇంకా లేదు. అమ్మ రాలేదు. నీకే ముందు చెప్తున్నా. తిడతావా?"

"ఎక్కడ నొప్పి?" అన్నాను. "సరిగ్గా చెప్పు. ఎక్కడ?"

అది చెబుతుంటే, ఈ చివర నేను నా కాలి మీద వేలు పెట్టి ఆ చోటు వెతుక్కుంటూ విన్నాను.